కొంగలదిబ్బ మీద డ్రైవరు బర్కతుల్లా

ఆ రోజుల్లో ఉదయగిరి బస్టాండులో ఎవరినైనా నిలబెట్టి, ఈ రూటు మీద మంచి డ్రైవరు ఎవరని అడిగితే, రెండో ఆలోచన లేకుండా బర్కతుల్లా పేరే చెప్పేవాళ్ళు. పొడుగ్గా, బక్కపల్చగా ఉండేవాడు. ఖాకీ చొక్కా మీద ముడత కనిపించేది కాదు. ఉదయగిరికీ ఆత్మకూరుకూ మధ్య తిరిగే ఒక ప్రైవేటు సర్వీసు ఆయన చేతిలో ఉండేది. రోడ్డంతా గుంతలే అయినా, ముసలమ్మల ఒళ్ళోని మజ్జిగ ముంత తొణికేది కాదు. గర్భిణీ స్త్రీని ఆత్మకూరు ఆస్పత్రికి తీసుకుపోవాలంటే, ఎంత సేపైనా సరే బర్కతుల్లా బస్సు వచ్చేదాకా ఆగేవాళ్ళు.

ఆ బస్సుకు కండక్టరు మాలకొండయ్య. వరికుంటపాడు పక్క పల్లె నుంచి వచ్చినవాడు, బర్కతుల్లా కంటే బాగా చిన్నవాడు. నోరు ఊరుకునేది కాదు. ఎక్కిన ప్రతి మనిషినీ ఏ ఊరు, ఎవరి తాలూకు, ఏం పని మీద పోతున్నారని అడిగితే తప్ప టిక్కెట్టు చింపేవాడు కాదు. వీళ్ళిద్దరికీ తోడు యేసురత్నం పంతులు. ఉదయగిరి బళ్ళో లెక్కలు చెప్పేవాడు, ఆదివారం చర్చిలో పాటలు పాడించేవాడు. అత్తగారి ఊరు ఆత్మకూరు కావడంతో వారం వారం ఈ బస్సే ఎక్కేవాడు. డ్రైవరు పక్క సీటు ఆయనదే. ముగ్గురూ టీ కొట్టు ముందు నిలబడ్డారంటే బస్సు కాస్త ఆలస్యమైనట్టే లెక్క. ప్యాసింజర్లు కూడా దానికి అలవాటు పడిపోయారు.

డెబ్బై ఆరో సంవత్సరం కార్తీకంలో ముసురు పట్టుకుని వదల్లేదు. ఒక సాయంత్రం ఆత్మకూరుకు ఆఖరు ట్రిప్పు పోతున్నారు. ఆ రోజు పంతులు బస్సులో లేడు. బొగ్గేరు వాగు దగ్గరికి వచ్చేసరికి చప్టా మీదుగా నీళ్ళు పారుతున్నాయి. బర్కతుల్లా బస్సు ఆపేశాడు. మాలకొండయ్య ప్యాంటు పైకి మడిచి నీళ్ళలోకి దిగి, సగం దూరం నడిచి చూసి వచ్చాడు. నీళ్ళు పిక్కల లోతే ఉన్నాయి.

"పోవచ్చన్నా, రైట్" అన్నాడు.

బస్సు చప్టా నడిమికి చేరిందో లేదో, పైన కొండల్లో కురిసిన వానంతా ఒక్కసారిగా వాగులోకి దూకింది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. లైట్లు ఆరిపోయాయి. బస్సు వెనక భాగం పక్కకు జరిగి, చప్టా అంచున నాటిన రాళ్ళకు ఒరుసుకుని నిలిచిపోయింది. ఆ రాళ్ళే లేకపోతే బస్సుకు బస్సే కొట్టుకుపోయేది. ఆత్మకూరు వైపు గట్టు మీద పొలాల్లో ఉన్న మనుషులు పరుగున వచ్చి మోకు విసిరారు. బర్కతుల్లా ఆడవాళ్ళనూ పిల్లలనూ కిటికీల్లోంచి ఒక్కొక్కరినే అందించాడు. అందరూ గట్టెక్కాక, మోకు పట్టుకుని చివరిగా తను వచ్చాడు.

మాలకొండయ్య అప్పటికే వణుకుతూ అందరి మొహాలూ చూసుకుంటున్నాడు. ఒక మొహం కనిపించలేదు.

"అన్నా, వెనక సీట్లో ఎండుచేపల మనిషి ఉండె గదా... యాడబోయినాడు?"

ఎవరికీ తెలియలేదు. అందరూ కేకలు పెట్టారు, లాంతర్లు ఊపారు. వానలో బదులు రాలేదు. మరునాడు నీళ్ళు తీశాక, కింద చాలా దూరంలో కంపచెట్లకు చిక్కుకుని ఆ మనిషి తట్ట దొరికింది. బస్సు టాపు మీద పెట్టిన తట్ట అది. మనిషి మాత్రం దొరకలేదు. పోలీసులు వచ్చారు, చూశారు, రాసుకున్నారు. ఆ మనిషి పేరేమిటో, ఏ ఊరివాడో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ రోజు వానకు చికాకుపడి మాలకొండయ్య ఎవరినీ ఊరూ పేరూ అడగలేదు. మావాడు ఏడని అడగడానికి ఎవరూ రాలేదు. ఎవరూ రాలేదు కాబట్టి కేసు కూడా లేకుండా పోయింది.

ఎవరైనా వచ్చి చొక్కా పట్టుకుని నిలదీసి ఉంటే బర్కతుల్లాకు కాస్త తేలిగ్గా ఉండేదేమో. పడడానికి తిట్లు లేవు, పట్టుకోవడానికి కాళ్ళు లేవు. బస్సును బయటికి లాగి బాగు చేయించాక, ఓనరు కబురు పెట్టాడు. బర్కతుల్లా పోయి సీటులో కూర్చున్నాడు. స్టీరింగు మీద చేతులు పెట్టగానే చెమటలు పట్టాయి. దిగి వచ్చేశాడు. మళ్ళీ ఆ బస్సు దగ్గరికి పోలేదు.

ఆయన భార్య మస్తాన్‌బీ తమ్ముడికి ఉదయగిరిలో, వీళ్ళ ఇంటి ముందు వసారాలోనే, చెక్క గరిటెలు చేసే పని ఉండేది. బర్కతుల్లా పోయి అక్కడ ఒక మూల కూర్చున్నాడు. బావమరిది చెక్కి ఇచ్చిన గరిటెలను గరుకు కాగితంతో నున్నగా రుద్దడం ఆయన పని. ఉదయం కూర్చుంటే సాయంత్రం దాకా తల ఎత్తేవాడు కాదు. వీధి చివర బస్సు హారను మోగితే చేయి ఆగిపోయేది. శుక్రవారం మసీదులో అందరూ లేచి పోయినా, పేరు తెలియని ఆ మనిషి కోసం దువా చేస్తూ ఇంకా కాసేపు ఉండిపోయేవాడు. వానాకాలం వస్తే నిద్ర పట్టేది కాదు. యేసురత్నం వచ్చి పక్కన కూర్చుని ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేవాడు. మాలకొండయ్య సెలవు దొరికినప్పుడల్లా వచ్చేవాడు గానీ, వాగు మాట మాత్రం ఎత్తేవాడు కాదు. అలా మూడేళ్ళు గడిచాయి.

ఎనభైలో, బళ్ళో జనవరి జెండా ఎగరేసిన మరునాడు, స్నేహితులిద్దరూ కలిసి గరిటెల కొట్టుకు వచ్చారు.

"లెయ్యన్నా, ఊరికి పోదాం" అన్నాడు మాలకొండయ్య.

"ఏ ఊరికిరా?"

"సముద్రం పక్కకు. మీ ఇద్దరికీ తలలు నెరుస్తా ఉండాయి, మన ముగ్గురికీ ఇంతవరకు సముద్రపు గాలి తగల్లేదు. సూళ్ళూరుపేట కాడ పులికాటు మీద దీవులున్నాయంట. నీళ్ళ నడాన ఒక పల్లె. కొంగలదిబ్బ అంటారు. పట్నపోళ్ళు తొక్కని జాగా అంట."

"నీళ్ళా?" బర్కతుల్లా గరిటె పక్కన పెట్టేశాడు. "నేను రానురా. మీరు పోయి రండి."

యేసురత్నం పక్కన కూర్చుని, లెక్క చెప్పినట్టుగా చెప్పాడు. "నీళ్ళు కాదు బర్కతూ, దీవి. దీవంటే భూమే గదా. మనం పోయేది భూమి మీదికి. మధ్యలో కాసిని నీళ్ళొస్తాయి, అంతే."

బర్కతుల్లా తల అడ్డంగా ఊపాడు. అప్పుడు లోపల్నించి మస్తాన్‌బీ వచ్చింది. చేతిలో సంచీ ఉంది. అందులో లుంగీలు, తువ్వాలు, రొట్టెలు, నిమ్మకాయ ఊరగాయ సీసా అన్నీ అప్పటికే సర్ది ఉన్నాయి.

"పోండి. మూడేండ్లుగా ఆ మూల మీరే కూర్చోనుండారు. నేను ఊడ్చుకోవాల ఆడ" అంది.

"నువ్వు కూడానా?"

"నేను కూడానే. లేయండి."

ఆమె మాట మీద ఆమె నిలబడితే ఇక అప్పీలు లేదు. బర్కతుల్లా లేచాడు.

బస్సులో కిటికీ పక్కన కాకుండా లోపలికి కూర్చున్నాడు. బొగ్గేరు వచ్చేసరికి కళ్ళు మూసుకున్నాడు. ఆ కాలంలో వాగులో చుక్క నీరు లేదు. ఇసుకలో మేకలు పడుకుని నెమరేస్తున్నాయి. ఆ సంగతి యేసురత్నం చెప్పినా కళ్ళు తెరవలేదు. నెల్లూరులో రైలెక్కి సూళ్ళూరుపేటలో దిగి, అక్కడి నుంచి ఎద్దుల బండి మీద సరస్సు ఒడ్డుకు చేరారు.

ఒడ్డున నిలబడి చూస్తే ముందంతా నీళ్ళే. ఆకాశం ఎంతుందో నీళ్ళూ అంతున్నాయి. ఎక్కడో దూరాన పచ్చటి గీతలాగా ఒక దీవి. పడవ వాడి పేరు ఆదెయ్య. నల్లగా, గట్టిగా ఉన్న ముసలివాడు. బర్కతుల్లాను ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని పడవలో కూర్చోబెట్టారు. ఆయన రెండు అంచులూ రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు పాదాల మీదే పెట్టుకుని, పెదాలు కదుపుతూ కూర్చున్నాడు. తెరచాప ఎత్తారు. పడవ సాఫీగా సాగింది. ఒడ్డు వెనకబడిపోయింది. ఎటు చూసినా నీళ్ళు తప్ప ఇంకేమీ లేని చోటికి వచ్చాక గాలి పడిపోయింది. తెరచాప తడి గుడ్డలా వేలాడింది. పడవ ఆగిపోయింది.

ఆదెయ్య బీడీ పారేసి, నిలబడి, గోచీ సర్దుకుని, చప్పున నీళ్ళలోకి దూకేశాడు.

"యా అల్లా!" అని బర్కతుల్లా పెట్టిన కేకకు దూరాన వాలిన కొంగలన్నీ లేచిపోయాయి.

ఆదెయ్య పడవ పక్కనే నిలబడి ఉన్నాడు. నీళ్ళు ఆయన నడుము దాకా కూడా లేవు.

"ఏంది సామీ, అట్టరిచినారు? ఇదేం సముద్రమా? ఈ కొస నించి ఆ కొస దాకా మనిషి నిలబడేంతే లోతు. గాలి లేకపోతే మేం ఇట్నే దిగి తోసుకుంటా పోతాం" అని పడవ వెనక్కు పోయి తోయడం మొదలుపెట్టాడు.

బర్కతుల్లా ఆయన్నీ నీళ్ళనూ మార్చి మార్చి చూశాడు. అంత పెద్ద సరస్సు. ఒడ్డున నిలబడి చూసినప్పుడు గుండె జారిపోయింది. ఎక్కినప్పటి నుంచి ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడు. తీరా చూస్తే నడుము లోతు. ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకు నవ్వు వచ్చింది. మొదట మెల్లగా, తర్వాత ఆపుకోలేనంతగా నవ్వాడు. కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వాడు. అది చూసి యేసురత్నం పంచె ఎగ్గట్టి తనూ దిగాడు. మాలకొండయ్య దిగాడు. కాసేపటికి బర్కతుల్లా కూడా అంచు పట్టుకుని, ఒక కాలు పెట్టి చూసి, రెండో కాలు పెట్టాడు. కింద మెత్తటి ఇసుక. నీళ్ళు ఎండకు వెచ్చగా ఉన్నాయి. నలుగురూ కలిసి పడవను తోసుకుంటూ నడిచారు. దీవి దగ్గరయ్యేసరికి లుంగీ అంతా తడిసి, ఆయన మొహంలో మూడేళ్ళుగా లేని వెలుగు కనిపించింది.

కొంగలదిబ్బ చిన్న దీవి. ఇసుక నేల, తాటిచెట్లు, ఒడ్డు పొడుగునా మొగలి పొదలు, నడుమ తాటాకు ఇళ్ళు కొన్ని. రోడ్డు లేదు. రోడ్డు లేదు కాబట్టి చక్రం అన్నదే లేదు. బండి లేదు, సైకిలు లేదు. హారను మోత ఎప్పుడూ వినని పిల్లలు అక్కడ ఆడుకుంటున్నారు. ఆ సంగతి గ్రహించగానే బర్కతుల్లా భుజాలు వాటంతటవే దిగిపోయాయి. చుట్టూ ఉప్పునీళ్ళున్నా, ఇసుకలో మోచేతి లోతు చెలమ తీస్తే తియ్యటి నీళ్ళు ఊరుతున్నాయి. తీరం వెంట పొడుగు కాళ్ళ కొంగలు వేలకు వేలు మేస్తున్నాయి. కొన్నింటి రెక్కలు గులాబీ రంగు. గాలికి అవి ఒక్కసారిగా లేస్తే ఆకాశం అంచున ఎవరో రంగు చీర ఆరేసినట్టుంది. ఎండలో వలలు ఆరబోసి ఉన్నాయి. రొయ్యల వాసన. మనిషి చేతులతో తెచ్చి పెట్టిన వస్తువంటూ వలలూ పడవలూ ఇళ్ళూ తప్ప ఇంకేమీ కనిపించలేదు.

ఆదెయ్య ఇంట్లోనే దిగారు. ఆయన భార్య ఓబమ్మ ఒక చట్టి నిండా పీతల పులుసు, వేడి అన్నం పెట్టింది. బర్కతుల్లా రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. అది చూసి యేసురత్నం తన కంచంలోని పీత కాలు తీసి ఆయన కంచంలో వేశాడు.

మాలకొండయ్యే తిన్నట్టు లేదు. రాగానే ఇల్లిల్లూ తిరిగి వచ్చాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టు ఉండడం లేదు. లేస్తాడు, ఒడ్డుకు పోతాడు, చేయి అడ్డం పెట్టుకుని నీళ్ళ మీదికి చూస్తాడు, మళ్ళీ వస్తాడు. బస్సులో నోరు మూతపడని మనిషి ఆ పూట నాలుగు మాటలు మాట్లాడలేదు.

"ఏందిరా, కండక్టరుకు నోరు పడిపోయింది?" అని అడిగాడు బర్కతుల్లా.

"ఏం లేదన్నా. వలలకు పోయిన పడవలు రేపు పొద్దునొస్తాయంట. చూద్దాం."

"చేపలకు ఇంత తొందరేంది నీకు?"

మాలకొండయ్య లేచి మళ్ళీ ఒడ్డుకు పోయాడు.

మరునాడు పొద్దున ఎండ ఇంకా ముదరక ముందే పడవలు వచ్చాయి. ఆడవాళ్ళు తట్టలు పట్టుకుని ఒడ్డుకు పోయారు. ముగ్గురు స్నేహితులూ పోయి నిలబడ్డారు. మొదటి పడవ ఇసుకకు తగలగానే ముగ్గురు మనుషులు దిగారు. చివర దిగినవాడు పొట్టిగా, చెవికి రాగి పోగుతో, తల మీద వల పెట్టుకుని వస్తున్నాడు. నాలుగడుగులు వేసి తల ఎత్తాడు. ఎదురుగా మాలకొండయ్య.

వల తల మీద నుంచి జారి కిందపడింది. ఆ మనిషి రెండడుగులు వెనక్కు వేశాడు. నీళ్ళలోకి పోయాడు. నోరు తెరుచుకుని ఉంది. తర్వాత చూపు మాలకొండయ్య వెనక ఉన్న పొడుగాటి మనిషి మీద పడింది. కాళ్ళు ముడుచుకుని ఆ నీళ్ళలోనే కూర్చుండిపోయాడు.

"కండక్టరా! డైవరా! మీరు... మీరు పోయినారు గదా సామీ! మీరంతా వాగులో పోయినారు గదా!"

బర్కతుల్లాకు అర్థం కాలేదు. "ఎవరయ్యా నువ్వు?" అన్నాడు.

మాలకొండయ్య ఇసుకలో మోకాళ్ళ మీద పడి, రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడుస్తున్నాడు. "ఈయనే అన్నా. ఈయనే. వెనక సీటు మనిషి. ఎండుచేపల మనిషి. బతికే ఉండాడన్నా."

బర్కతుల్లా నడుచుకుంటూ నీళ్ళలోకి పోయాడు. కూర్చుని ఉన్న ఆ మనిషి భుజం మీద చేయి పెట్టాడు. తడి చొక్కా కింద వెచ్చటి ఒళ్ళు. చేయి తీయకుండా, మెడ దాకా, చెంప దాకా, గుడ్డివాడు తడిమినట్టు తడిమాడు. ఆ మనిషి కూడా భయం భయంగా చేయి చాపి డ్రైవరు ముంజేయి పట్టుకున్నాడు. దెయ్యానికి ముంజేయి ఉండదని తేలాక గట్టిగా పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నీళ్ళలో అలాగే ఉండిపోయారు. ఒడ్డున ఆడవాళ్ళు తట్టలు దించి నోళ్ళు నొక్కుకుని చూస్తున్నారు.

ఆ మనిషి పేరు వెంగయ్య. గట్టు మీదికి తెచ్చి, కాసిని చెలమ నీళ్ళు తాగించాక అప్పటి సంగతి చెప్పాడు.

"చప్టా కాడ బస్సు ఆపినారు గదా. ఈ కండక్టరు నీళ్ళు చూసేదానికి దిగినాడు. ఆ పొద్దు నాకు కడుపు బాగలేదు సామీ. ఇదే సందని వెనక డోర్లోంచి దిగి పొదల చాటుకు పోయినా. లేసి చూస్తే బస్సు నీళ్ళలో ఉండాది! ఆపండా ఆపండా అని అరిచినా. ఆ వానలో ఎవరికి వినపడతాది? చూస్తా ఉండంగానే నీళ్ళు లేసినాయి. లైట్లు పోయినాయి. ఆడోళ్ళ అరుపులు వినపడినాయి. ఇంక ఆ తర్వాత ఏం లేదు, నీళ్ళ మోతే. బస్సు పోయింది, అందరూ పోయినారు అనుకున్నా. నా ఎనకమాల ఒక లారీ వచ్చింది. వాడు నీళ్ళు చూసి లారీ తిప్పుకున్నాడు. వాడి కాళ్ళు పట్టుకోని ఎక్కి, వింజమూరు మీదగా కావలి పోయి రైలెక్కేసినా. అంతే. మళ్ళా కొండ దిక్కు మొహం పెట్టలేదు."

"మేం అవతల గట్టెక్కినాం వెంగయ్యా. అందరం" అన్నాడు బర్కతుల్లా.

"అందరా? నా ముందు సీట్లో చంటిబిడ్డ తల్లి ఉండె. చేజర్లకు పోవాలని చెప్పింది."

"ఆ బిడ్డ ఇప్పుడు బస్సు మెట్లు తనే ఎక్కుతాది. నన్ను మామా అంటాది" అన్నాడు మాలకొండయ్య, కళ్ళు తుడుచుకుంటూ.

"కోడిపెట్టను ఎత్తుకున్న ముసిలామె?"

"ముసిలామె ఉండాది, కోడి కూడా దక్కింది. ఆ గందరగోళంలో కూడా దాన్ని వదలలేదు."

వెంగయ్య ఒక్కొక్కరినీ గుర్తు చేసుకుని అడిగాడు. మాలకొండయ్య ఒక్కొక్కరికీ జవాబు చెప్పాడు. ఒక్కో జవాబుకూ వెంగయ్య మొహం తేటపడుతూ వచ్చింది. చివరికి పక్కనే నిలబడ్డ ఆయన భార్య అంది. "ఏటేటా కార్తీకంలో ఈయన నీళ్ళలో దీపాలు వదుల్తాడు సామీ. మీ పేర్లు తెలియవు గదా. ఇది చంటిబిడ్డ దీపం, ఇది ముసలామె దీపం, ఇది డైవరు దీపం అని చెప్పి వదుల్తాడు. అవి పోతా ఉంటే ఆడనే కూలబడి ఏడస్తాడు."

బర్కతుల్లా ఆమెను చూశాడు, వెంగయ్యను చూశాడు. శుక్రవారం శుక్రవారం తను ఈయన కోసం చేసిన దువాలు గుర్తొచ్చాయి. తను ఉదయగిరిలో ఈ మనిషిని స్వర్గానికి చేర్చమని అడుగుతుంటే, ఈ మనిషి ఇక్కడ నీళ్ళ నడుమ తన పేరున దీపం వదులుతున్నాడు. ఇద్దరూ గట్టిగానే ఉన్నారు. ఆ సంగతి చెప్పబోయి చెప్పలేక, మళ్ళీ నవ్వొచ్చి, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాడు. యేసురత్నం ఆయన వీపు నిమురుతూ, పైకి వినిపించకుండా దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాడు.

ఆ మధ్యాహ్నం తాటిచెట్ల నీడలో కూర్చున్నాక మాలకొండయ్య అసలు సంగతి బయటపెట్టాడు. నెల్లూరుకు పోయినప్పుడల్లా ఎండుచేపల సంతలో కనిపించిన వాళ్ళందరినీ అడుగుతూ వచ్చాడు. చెవికి రాగి పోగున్న పొట్టి మనిషిని, కొండ దిక్కు పల్లెల్లో తిరిగేవాణ్ణి ఎరుగుదురా అని. అందరూ ఎరగమన్నారు. మొన్నామధ్య ఒక ఆమె మాత్రం, కొంగలదిబ్బ వెంగయ్య ఆ దిక్కుకు పోయేవాడు, చాన్నాళ్ళుగా సంతలో కనపడ్డం లేదు, ఉన్నాడో పోయాడో తెలియదని చెప్పింది.

"అందుకని తీసుకొచ్చినానన్నా. ఉంటే నీకు చూపిద్దామని. లేకపోతే వాళ్ళింటోళ్ళ కాళ్ళ మీద పడదామని. రైట్ చెప్పినోణ్ణి నేను. ఎనక్కి తిరిగి ఎవరన్నా దిగినారా అని చూడాల్సినోణ్ణి నేను. నువ్వు స్టీరింగు వదిలేసి ఆ గరిటెలు రుద్దుతా కూర్చుంటే, నేను రోజూ అదే వాగు మీద అదే విజిలు ఊదతా తిరిగినా. నాకెట్టా ఉండిందో నీకేం తెలుసు?"

బర్కతుల్లా తెల్లబోయాడు. "మూడేండ్లు నేనొక్కణ్ణే మోస్తా ఉండాననుకున్నా కొండయ్యా. నువ్వూ మోస్తా ఉండావని నాకు తోచనే లేదు."

"పంతులుకు నిన్న రైల్లో చెప్పినా. వదినకు ముందే చెప్పినా."

"మస్తాన్‌బీకి తెలుసా?"

"తెలుసు. ఉన్నాడో లేడో, ఏదో ఒకటి తెలియనీ, మనిషిని తీసకపో అనింది."

బర్కతుల్లా అక్కడే ఇసుకలో తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. కళ్ళు మూయగానే నిద్ర పట్టింది. పిల్లలు వచ్చి చుట్టూ మూగి చూసినా, కొంగలు అరిచినా, ఓబమ్మ వచ్చి అన్నానికి పిలిచినా లేవలేదు. ఆ గురక విని వెంగయ్య భార్య, "మా ఆయన దీపం వదిలిన డైవరు ఈయనేనా?" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

తర్వాతి రోజులు పండగలాగే గడిచాయి. రెండ్రోజులుండి పోదామని వచ్చినవాళ్ళు పంతులు సెలవు అయిపోయేదాకా ఉన్నారు. వెంగయ్య వాళ్ళను పడవలో దీవి చుట్టూ తిప్పాడు. ఇసుక తిన్నెలు దాటించి అవతలి సముద్రం చూపించాడు. అలలు కాళ్ళను తాకితే ముగ్గురూ పిల్లల్లా ఎగిరారు. యేసురత్నం ఒడ్డున నిలబడి గొంతెత్తి పాడితే పల్లె అంతా వచ్చి కూర్చుని విన్నారు. బర్కతుల్లా వల విసరడం నేర్చుకున్నాడు. మొదటిసారి వలతోపాటు తనూ నీళ్ళలో పడ్డాడు. ఎవరూ పట్టుకోకముందే తనే లేచి నిలబడి, "నడుము లోతే గదా!" అన్నాడు.

ఇంటికి వచ్చిన రోజు మస్తాన్‌బీ వాకిట్లోనే నిలబడి ఉంది. వీధి మలుపు తిరిగిన మొగుడి నడక చూసేసరికే ఆమెకు సగం సంగతి తెలిసిపోయింది.

"ఉండాడు" అన్నాడు బర్కతుల్లా, గడప ఎక్కకుండానే.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి మొహం కడుక్కుని వచ్చి, "ఇంత నల్లగా మాడిపోయినారే! తలకు గుడ్డ కట్టుకోవాలని ఆ ఇద్దరికీ తోచలేదా?" అని తిట్టింది. ఆ తిట్లు ఆయన చెవులకు ఇంపుగా ఉన్నాయి.

వారం తిరక్కుండానే బర్కతుల్లా ఓనరు దగ్గరికి పోయాడు. మొదటి రోజు గేరు వేయబోతే ఇంజను ఆగిపోయింది. ముందు సీటు ముసలాయన, "ఏం డైవరూ, గరిటె తిప్పుతా ఉండావా?" అన్నాడు. బస్సంతా నవ్వింది, బర్కతుల్లా కూడా నవ్వాడు. మళ్ళీ స్టార్టు చేశాడు. ఆ తర్వాత ఎనభైల చివరిదాకా అదే రూటు మీద నడిపాడు. వాగు చప్టా మీదుగా పారుతుంటే మాత్రం ఎవరెంత తొందరపెట్టినా ఆగేవాడు. "తగ్గనీలే, పోదాం" అనేవాడు. దిగినవాళ్ళందరూ ఎక్కారో లేదో మాలకొండయ్య ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి చూసుకునేవాడు.

బర్కతుల్లా మళ్ళీ స్టీరింగు పట్టిన ఆ ఏడే, చైత్రంలో, వెంగయ్య భార్యను వెంటబెట్టుకుని, కొత్త తట్ట నిండా ఎండుచేపలతో ఉదయగిరి వచ్చాడు. వాగులో పోయిన మనిషి వచ్చాడని వీధిలో ఒకటే సందడి. అరుగుల మీద, గోడల మీద జనం నిలబడి చూశారు. కొందరు ముట్టుకుని చూశారు. చంటిబిడ్డ తల్లి చేజర్ల నుంచి పిల్లను తీసుకుని వచ్చింది. వెంగయ్య ఆ పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చాలాసేపు కిందికి దించలేదు. మస్తాన్‌బీ అన్నానికి ఎసరు పెట్టి, వచ్చినవాళ్ళను ఎవరినీ తినకుండా పోనియ్యలేదు. బియ్యం చాలక పక్కింటి నుంచి మళ్ళీ తెప్పించింది. ఆ పూట వీధి వీధంతా చేపల పులుసు వాసనే.